సారాంశం చెప్పానక్కా!

పరాయి దేశంలో ఉన్నవాళ్ళకి మనసు బాగోనప్పుడు తెలుగు తెలిసిన కౌన్సిలర్ దొరక్కపోవడం గొప్ప అదృష్టం. దొరికితేనే ప్రమాదం!

కోప్పడకండి, ఆలోచించండి. సొంత భాషలో మనిషికి ఎన్ని బాధలు! దిగులు, గుబులు, బెంగ, ఉక్రోషం, కడుపుకోత... మొదలుపెడితే తెల్లారిపోతుంది. అదే పరాయి భాషలో మన దగ్గర ఉన్నవి మూడే: బాగుంది, బాగాలేదు, పర్వాలేదు. మూడు మాటల మనిషికి ఎన్ని జబ్బులొస్తాయి? మహా అయితే ఒకటిన్నర!

నమ్మకం కుదరకపోతే స్టీరింగు వదిన సంగతి వినండి.

ఆవిడ సిటీ బస్సు నడుపుతుంది. ఆ ఊళ్ళోని తెలుగువాళ్ళందరికీ వదిన. ఆవిణ్ణి వదిన అన్న పాపానికి వాళ్ళాయన అందరికీ అన్నయ్య అయిపోయాడు. అంత పొడుగు బస్సునీ ఇరుకు సందులో సూదిలో దారం ఎక్కించినట్టు తిప్పుతుంది. చివరి సీటు కింద ఎవరు చూయింగ్ గమ్ అంటిస్తున్నారో వెనక్కి తిరక్కుండానే చెబుతుంది.

ఒకరోజు ఆ బస్సుకి అడ్డంగా సైకిలొచ్చింది.

బేకరీ మలుపు. వాన. బ్రేకు! అద్దంలోంచి చూస్తే ఎదురుగా మనిషి లేడు. చక్రం పక్కన తడిసిన ఎర్ర ఉన్ని టోపీ ఒక్కటే ఉంది.

మరుక్షణం బంపరు ముందు నుంచి ఆ మనిషి లేచాడు. ప్యాంటు దులుపుకున్నాడు. వదిననీ, బస్సునీ, కంపెనీనీ కలిపి ఓ విడత తిట్టాడు. టోపీ తీసి నెత్తిన పెట్టుకుని సైకిలెక్కి పోయాడు. చిన్న గీత కూడా పడలేదు. కథ కంచికి!

కంచికి వెళ్ళిందని అందరూ ఒప్పుకున్నారు, వదిన కుడికాలు తప్ప. మర్నాటి నుంచి బేకరీ మలుపు రాగానే అది దానంతటదే బ్రేకు మీద పడుతుంది. రోడ్డు ఖాళీ. సిగ్నల్ ఆకుపచ్చ. వెనక హారన్లు. కాలు మాత్రం కదలదు!

డిపో మేనేజరు పెద్దమనిషి. గొంతు పెంచకుండానే చెప్పాడు. కౌన్సిలర్‌ని కలవాలి. ఆవిడ సరేనంటే బస్సు. కాదంటే బస్సులు కడిగే షెడ్డు. ఇన్నేళ్ళు తోలిన బండికి ఇక నీళ్ళు కొట్టాలన్నమాట.

వదిన ముందు మన భాషలో చెప్పుకోవాలనే ఆశపడింది. పొరపాటు అక్కడే జరిగింది! తెలుగు వాట్సాప్ గ్రూపులో, 'మా ఫ్రెండుకి మనసు బాగోలేదు, తెలుగు కౌన్సిలర్ ఎవరైనా ఉన్నారా' అని పెట్టింది. స్టవ్ మీద పాలు పొంగేలోపు ఫోన్.

"వదినా, ఆ ఫ్రెండు నువ్వేనటగా?"

ఇంకొకాయన రోజూ పొద్దున్నే నడవమన్నాడు. ఇంకొకావిడ, "మనకేం తక్కువని మనసు బాగోదు?" అని నిలదీసింది. అది విన్నాక వదినకి మనసు బాగోకపోవడం దొంగతనంలా అనిపించింది.

చివరికి ఒక తెలుగు కౌన్సిలర్ దొరికింది. వేరే దేశం, వీడియోలో. చదువుకున్న మనిషి, మెత్తటి గొంతు. కానీ తెలుగువాళ్ళం ఇద్దరం ఎదురుపడితే ముందు చేసే పనేమిటి? మీదే ఊరు, మీవాళ్ళెవరు, ఫలానావాళ్ళు తెలుసా! వరస కలిస్తేగానీ మనకి కుర్చీలో కూర్చున్నట్టుండదు. సగం సమయం అయ్యేసరికి తేలిందేమిటంటే, ఆ కౌన్సిలరూ వదిన ఆడపడుచూ చదువుకునే రోజుల్లో ఒకే హాస్టల్ గదిలో ఉన్నారు.

"అయితే మీరు నాకూ వదినే అవుతారండీ!"

ఇక నోరెలా లేస్తుంది? ఆడపడుచు స్నేహితురాలి దగ్గర! పిల్లల మార్కులు చెప్పి, అందరూ కులాసా అని చెప్పి, వదిన ఫోన్ పెట్టేసింది.

చూశారా, ప్రమాదం అన్నది ఇందుకే!

సరే, కంపెనీ తనే ఏర్పాటు చేసింది. కౌన్సిలర్ ఆ దేశపావిడ. తెలుగు ముక్క రాదు. బూడిదరంగు కార్పెట్టు గదిలో చిన్న బల్ల. బల్ల మీద కాగితం రుమాళ్ళ డబ్బా, దాని పక్కన స్పీకర్లో పెట్టిన ఫోను. ఫోన్లో తెలుగు దుబాసీ. మొహం లేదు, ఒట్టి గొంతే.

"నమస్తే మేడమ్" అంది గొంతు. రెండు నిమిషాల్లో "అక్కా" అంది. వెనక కుక్కర్ విజిల్ వినబడింది. ఇంటి నుంచే పని మరి!

కౌన్సిలర్ అడిగింది: అతను లేచి నిలబడ్డాక ఏమైంది?

వదిన ఒక్కసారిగా మొదలెట్టింది.

"వాడు పోయాడనే అనుకున్నా చెల్లీ. ఆ టోపీ చూసి. నా చేత్తో ఓ ప్రాణం తీశాననుకున్నా. తీరా వాడు లేచి తిడుతుంటే నాకు నవ్వొచ్చింది. ఎంత ఆపుకున్నా ఆగలేదు. స్టీరింగు మీద తల పెట్టి నవ్వా. బస్సంతా నన్నే చూస్తోంది. ఓ ముసలావిడ భయపడి సంచీ పట్టుకుని వెనక సీట్లోకి పోయింది. చావు తప్పించుకున్నవాణ్ణి చూసి నవ్వే మనిషినా నేను? మా ఆయనక్కూడా చెప్పలేదు. ఆ మలుపు రాగానే మళ్ళీ ఆ నవ్వొస్తుందేమోనని భయం. అందుకే కాలు..."

ఆగింది.

ఫోన్లోని గొంతు ఆ దేశపు భాషలో శుభ్రంగా చెప్పింది: "ఈవిడ కాస్త కంగారుపడ్డారట. ఇప్పుడు బాగానే ఉన్నారట."

వదినకి ఆ భాష బస్సుకి సరిపడా వచ్చు. తలుపు, టికెట్టు, వెనక్కి జరగండి. 'బాగానే ఉన్నా' అన్నది మాత్రం రోజూ తనే అందరికీ చెప్పేమాట, అర్థం కాకుండా ఎలా ఉంటుంది?

"అదేంటి చెల్లీ! నేనంతసేపు చెబితే రెండు ముక్కలేనా?"

"సారాంశం చెప్పానక్కా." గొంతు తగ్గింది. "నవ్వానని వీళ్ళకి చెబుతారా ఎవరైనా? పిచ్చని రాసేస్తారు, ఉద్యోగం పోతుంది. మన పరువు మనం కాపాడుకోవాలి. మీరు ఊరుకోండి, నేను చూసుకుంటాగా!"

ఎంత సేవ! ఎంత పొదుపు! కౌన్సిలర్ మొహం వెలిగిపోయింది. ఇంత గుండెనిబ్బరం ఎక్కడా చూడలేదంది. సోమవారం నుంచి బస్సెక్కొచ్చంది. లేచి చెయ్యి చాపింది.

గెలిచేసింది వదిన! ఆ చెయ్యి అందుకోవడమే తరువాయి.

అందుకోబోయి కిందికి చూసుకుంది. ఆవిడ కుడికాలు కార్పెట్టుని అదిమిపట్టి ఉంది, పిక్క బిగుసుకునేంత గట్టిగా. అక్కడ బ్రేకు లేదు.

వదిన మళ్ళీ కూర్చుంది.

"చెల్లీ, ఈవిడ నాకు బస్సిచ్చేస్తోంది. సోమవారం ఆ మలుపులో నా వెనక బస్సు నిండా జనం ఉంటారు. నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు."

ఫోన్లో కుక్కర్ విజిలేసింది. మళ్ళీ వేసింది. మళ్ళీ.

"స్టవ్ కట్టెయ్యి చెల్లీ, మాడిపోతుంది."

"నావల్ల కాదక్కా." అంది గొంతు. "మా అన్నయ్య పోయాడని మెసేజ్ వచ్చినప్పుడు ఎవరిదో పంటినొప్పి డాక్టరుకి చెబుతున్నా. పై దవడా, కింది దవడా అంటున్నాడాయన. కింది దవడేనని చెప్పా. అది అయ్యాక ఏడుద్దామనుకున్నా. ఇంకో కాల్ వచ్చింది. అప్పట్నించీ వస్తూనే ఉన్నాయి. మీది ఉన్నదున్నట్టు చెబితే... నాదీ బయటికొచ్చేస్తుందక్కా!"

ఫోను ఏడుస్తోంది.

కౌన్సిలర్ కంగారుపడింది. ఏమంటోంది, ఏమంటోంది అని వదినని అడిగింది.

వదిన తనకొచ్చిన ముక్కలన్నీ కూడబలుక్కుంది. చెల్లెలి పరువు కాపాడాలి కదా! "ఏం లేదు. ఈవిడ కాస్త కంగారుపడ్డారట. ఇప్పుడు బాగానే ఉన్నారట."

కౌన్సిలర్ ఫోను వైపు చూసింది. వదిన వైపు చూసింది. వదిన చెంపల మీద నుంచి యూనిఫాం కాలర్లోకి నీళ్ళు కారుతున్నాయి. తెలుగు ముక్క రాని ఆ మనిషి డబ్బాలోంచి ఒక కాగితం రుమాలు తీసి వదిన చేతికిచ్చింది. ఇంకోటి తీసి ఫోను పక్కన పెట్టింది.

చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని కూర్చుంది. సోమవారం ఎవరూ బస్సెక్కక్కర్లేదంది.

కాసేపటికి ఫోన్లో కుళాయి విప్పిన చప్పుడైంది. మొహం కడుక్కున్నాక దుబాసీ మొత్తం చెప్పింది. టోపీ చెప్పింది, ముసలావిడ సంచీ చెప్పింది, నవ్వు చెప్పింది. మాట దొరకనిచోట ఆగి, వెతుక్కుని మరీ చెప్పింది. కౌన్సిలర్ పిచ్చని రాయలేదు. భయం ఎక్కువైతే కొందరికి ఏడుపొస్తుందట, కొందరికి నవ్వొస్తుందట. అది విని వదిన, "అంతేనా?" అంది. దాన్ని మాత్రం దుబాసీ ఎవరికీ చెప్పలేదు. ఇద్దరూ కలిసి నవ్వేశారు.

కొన్ని వారాలయ్యాక వదినకి బస్సొచ్చింది. బేకరీ మలుపులో కాలు ఇప్పటికీ కొంచెం తడబడుతుంది, ఆగదు. ఆ సంగతి సాయంత్రం చెల్లికి చెబుతుంది. చెల్లి వాళ్ళన్నయ్య ఎలా ఈల వేసేవాడో చెబుతుంది. "రోజూ అంతంతసేపు ఎవరితో?" అని అడుగుతాడు అందరి అన్నయ్య. "మీక్కూడా చెబుతాలే, కూర్చోండి" అంటుంది వదిన.

కాబట్టి తేలిందేమిటి? తెలుగు కౌన్సిలర్ అక్కర్లేదు! ఇద్దరు తెలుగు ఆడవాళ్ళు ఒకరికొకరు నిజం చెప్పుకోవడానికి కావలసిందల్లా, బస్సు కింద పడబోయే సైకిలు ఒకటి, ఏడవడానికి తీరిక దొరకని చావు ఒకటి, మధ్యలో సాక్షిగా మన భాష బొత్తిగా రాని మనిషి ఒకరు. ఎంత సులువు!

మొన్న ఆ గ్రూపులో మళ్ళీ ఎవరో అడిగారట, తెలుగు కౌన్సిలర్ ఉన్నారా, ఫ్రెండుకోసం అని. అందరూ దండాల బొమ్మలు పెట్టారు. వదిన ఒక్కతే ఫోన్ చేసి, ఊరూ పేరూ అడక్కుండా, "చెప్పు" అందట. మర్యాద తెలియని మనిషి!

అన్నట్టు, మీరెలా ఉన్నారు? వివరాలొద్దు. ఒక్క ముక్కలో చెప్పండి, చాలు.