ఇంటింటికీ శూన్యం

ఆరు నెలల్లో ఆళ్లగడ్డలో ఇంటింటికీ శూన్యం అందిస్తామని పరిశ్రమల మంత్రి క్రాంతి కుమార్ నంద్యాల సభలో ప్రకటించగానే చప్పట్లు మోగిపోయాయి. ఇంత పెద్ద హామీని ఇంత సూటిగా ఇచ్చిన నాయకుడు ఆ జిల్లాలో అంతకు ముందు లేడు.

వేదిక మీద చివరి కుర్చీలో కూర్చున్న యోబుకు మాత్రం చెమటలు పట్టాయి. ఆ శూన్యం అతనిదే.

యోబు నంద్యాలలో ఒక కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో అటెండరు. అతని బావ ఎలీషా ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలకు గ్రైండరుతో నునుపు పెడతాడు. రెండేళ్లుగా దగ్గు. ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము చేరిందని, ఇంకో ఏడాది ఇట్లాగే పీలిస్తే తానేమీ చెప్పలేనని డాక్టరు అన్నాడు.

యోబు ఒక గొట్టం తయారు చేశాడు. దాని గొంతు మధ్యలో సన్నగా ఉంటుంది. కొళాయి నీళ్లు ఆ సన్నని చోట వేగంగా దూసుకుపోతుంటే అక్కడ ఒత్తిడి పడిపోయి, శూన్యం ఏర్పడి, పక్కనున్న రంధ్రం గాలిని లోపలికి లాగేసుకుంటుంది. గాలితోపాటు దుమ్ము కూడా నీళ్లలో కలిసి డ్రమ్ములో పడుతుంది. మోటరు లేదు, కరెంటు లేదు. కొళాయి జోరుగా వచ్చిన పది రోజులూ ఎలీషా దగ్గలేదు. ఆ సంగతి పేపర్లో వచ్చింది. మంత్రిగారు చదివారు.

సభ అయ్యాక యోబు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సార్, శూన్యం మనం పంచేది కాదు సార్. నీళ్లు జోరుగా వస్తే అదే వస్తాది. ఆళ్లగడ్డలో నాలుగు దినాలకొకసారి వదుల్తాండారు."

"నీళ్లు నా శాఖ కాదప్పా," అన్నారు మంత్రిగారు ప్రేమగా. "నా చేతిలో ఉండేది శూన్యమే."

పథకానికి ప్రత్యేకాధికారిగా పద్మనాభ్ వచ్చాడు. గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గొంతు సన్నబడితే పీల్చడం పెరుగుతుందా?"

"పెరుగుతాది సార్."

"పూర్తిగా మూసేస్తే?"

"మూస్తే నీళ్లే పోవు సార్!"

"అంటే నీళ్లు కూడా ఆదా," అన్నాడు పద్మనాభ్, ఫైలు మీద సంతకం పెడుతూ.

ఇంత దూరం ఆలోచించే అధికారులు అరుదు. గొంతులు మూసిన మూడు వందల గొట్టాలు లారీలో దిగాయి. యోబు కాళ్లావేళ్లా పడి, ప్రారంభోత్సవం జరిగే ఎలీషా షెడ్డులో మాత్రం తన పాత గొట్టమే ఉంచుకునేలా ఒప్పించుకున్నాడు.

ఆ రోజు మంత్రిగారి హెలికాప్టరు దిగే చోట దుమ్ము లేవకూడదని, పొద్దుటి నుంచీ ఊరి నీళ్లన్నీ దిగువ మైదానానికి వదిలారు. ఎలీషా షెడ్డు ఊళ్లోకెల్లా ఎత్తున ఉంది. మంత్రిగారు కొళాయి తిప్పారు. చుక్క రాలేదు.

యోబు కళ్లు మూసుకున్నాడు.

పైపు ఒక్కసారి మూలిగింది. ఎగువనున్న నీళ్లన్నీ దిగువకు జారిపోతుంటే, ఖాళీ అయిన లైను కొళాయి లోంచే గాలిని వెనక్కి లాగడం మొదలుపెట్టింది. మంత్రిగారి చేతిలోని ప్రసంగం కాగితం ఎగిరి గొట్టం రంధ్రానికి టప్పున అతుక్కుంది.

"నీళ్లు లేకుండానే!" అని అరిచాడు పద్మనాభ్. చప్పట్లు. ఈలలు. కాగితం ఊడదీసి ఎలీషాను గ్రైండరు వేయమన్నారు. లేచిన దుమ్ము లేచినట్టే రంధ్రంలోకి దూరింది.

"ఆపు బావా!" అని యోబు ముందుకు దూకాడు. "సార్, అది డ్రమ్ములోకి పోలేదు సార్. ఊరోళ్లు తాగే నీళ్ల లైన్లోకి పోతాంది!"

మంత్రిగారు మైకు అందుకున్నారు. "విన్నారా? షెడ్డులో దుమ్ము లేదు!"

యోబును వేదిక మీదికి లాగి, మెడలో పూలదండ వేసి, జరీ శాలువా కప్పారు. అతనింకా ఏదో చెబుతూనే ఉన్నాడు. బ్యాండు మేళం మోగింది.

హెలికాప్టరు ఎగిరిపోగానే మైదానానికి నీళ్లు వదిలే వాల్వు కట్టేశారు. కొళాయి పీల్చడం మానేసింది. ప్రారంభోత్సవం శిలాఫలకం సాయంత్రానికల్లా నునుపు చేసి ఇవ్వాలని పద్మనాభ్ మనిషి షెడ్డు ముందర దింపి పోయాడు.

"ఇప్పుడెట్ల బావా?" అన్నాడు యోబు.

ఎలీషా కాసేపు దగ్గి, చెయ్యి చాపాడు.

"ఆ శాలువా ఇట్లీ."

దాన్ని మూడు మడతలు పెట్టి, ముక్కుకూ నోటికీ బిగించి కట్టుకుని, గ్రైండరు స్విచ్ వేశాడు.