యలమందయ్యకు వచ్చిన చీర

2003 డిసెంబరులో ఒక సోమవారం. ఆ పొద్దున యలమందయ్య అనుకున్నది ఒక్కటే పని. గేటు బయట హైవే పక్కన వరసకట్టిన పత్తి లారీలను భోజనాల వేళలోపు తూచి లోపలికి పంపేయాలి. చిలకలూరిపేటలోని ఆ స్పిన్నింగ్ మిల్లులో ఆయన ఇరవై రెండేళ్ళుగా కాటా గుమస్తా. లారీ ఎక్కుతుంది, బరువు రాసుకుంటాడు, లారీ దిగుతుంది. ఇందులో మాట్లాడాల్సింది పెద్దగా ఉండదు. ఏప్రిల్‌లో భార్య వెంకటరావమ్మ పోయిన దగ్గర్నుంచి ఆయనకు ఆ పనిలో బాగా నచ్చింది అదే.

మూడో లారీ ఇంకా కాటా మీద ఉండగానే ఆఫీసులోకి రమ్మని మేనేజరు వేణుగోపాల్ నుంచి కబురొచ్చింది. వేణుగోపాల్ హైదరాబాదు నుంచి వచ్చి మూడు నెలలు కాలేదు. మిల్లుకు ఏదో ఒక కొత్తదనం నేర్పకుండా ఆయనకు వారం గడవదు. ఆయన బల్ల మీద ఒక స్టీలు గ్లాసు, అందులో మడిచిన చీటీలు ఉన్నాయి.

"ఆఫీసులో మనం ఆరుగురం. ఇవి ఆరు పేర్లు. తలా ఒక చీటీ తియ్యాలి. ఎవరి పేరొస్తే వాళ్ళకి క్రిస్మస్‌కి గిఫ్టు కొనాలి. ఇచ్చింది ఎవరో మాత్రం తెలియకూడదు" అన్నాడు వేణుగోపాల్.

"పెళ్ళి చదివింపుల్లాగానా?" అడిగాడు స్టోర్స్ చూసే అలీ సాహెబ్.

"చదివింపుల్లో పేరు మైకులో చెబుతారు సాయిబుగారూ. ఇక్కడ చెప్పరు, అంతే తేడా" అన్నాడు డిస్పాచ్ కోటేష్. నవ్వించడం, ఏడిపించడం రెండూ అతనే చేస్తాడు. ఆ ఏడు ఏప్రిల్ ఒకటిన, రాని ఇన్‌స్పెక్టరు కోసం అలీ సాహెబ్‌ను దండతో సహా బస్టాండులో గంటన్నర నిలబెట్టింది అతనే.

"పేరు తెలియకపోతే ఇంక మంచిదెవరు కొంటారండీ?" అంది లెక్కలు రాసే రాఘవమ్మ. కంప్యూటరు దగ్గర పనిచేసే దీప్తి ఒక్కతే సంబరపడింది. ఆమెది చర్చికి వెళ్ళే కుటుంబం. ఆఫీసులో క్రిస్మస్ అన్న మాట వినపడటం ఆమెకు అదే మొదటిసారి. గోడకు కట్టడానికి కాగితం నక్షత్రం తనే తెస్తానంది.

యలమందయ్య చీటీ విప్పాడు. 'యలమందయ్య' అని ఉంది. వెనక్కి తిప్పి చూశాడు, అటువైపు ఇంకెవరి పేరైనా ఉందేమోనని. లేదు.

"సార్, ఎవరి పేరొచ్చినా వాళ్ళకే ఇవ్వాలాండీ?" అన్నాడు.

"వాళ్ళకే."

"మార్చుకోటం..."

"కుదరదండీ. ఎవరికీ చెప్పకూడదు కూడా. నాకైనా సరే చెప్పకండి. అసలు మజా అదే."

ఇన్నేళ్ళలో ఒక షావుకారు సరుకు బరువు ఇంకో షావుకారుకు చెప్పని మనిషి యలమందయ్య. చెప్పవద్దన్నది చెప్పడం ఆయనకు చేతకాదు. చీటీ మడిచి జేబులో పెట్టుకుని తిరిగి కాటా దగ్గరికి వెళ్ళాడు.

ఇక ఆ వారమంతా ఆయనకు ఒకటే సమస్య. తనకు ఏం కావాలి? ఈ ప్రశ్న ఆయన్ను అంతకుముందు ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరం రాలేదు. పాత కండువా చిరగబోతోందని ఆయనకు తెలిసేలోపే కొత్త కండువా దండెం మీద ఉండేది. ఇప్పుడు వంటింట్లో కూర్చుని చుట్టూ చూస్తే అన్నీ ఉన్నట్టే ఉన్నాయి, ఏదీ పనికొచ్చేట్టు లేదు. ఎంతకూ తేలక, చివరికి ఒక పంచెల జత కొందామని ఆదివారం పొద్దున్నే పర్చూరు మీదుగా చీరాల బస్సెక్కాడు.

చీరాలలో పానకాలు బట్టల కొట్టు ఆ భార్యాభర్తలిద్దరికీ పాత అలవాటు. ఏడాదికోసారి ఇద్దరూ వెళ్ళి బట్టలు తెచ్చుకునేవాళ్ళు. గుమ్మంలో యలమందయ్యను చూడగానే పానకాలు లేచి నిలబడ్డాడు.

"రండి రండి. అమ్మగారేరీ? రాలేదా?"

యలమందయ్య చెప్పులు విడుస్తూ, "రాలేదు" అన్నాడు.

"ఒంట్లో బాగుంటంలా?"

"ఇప్పుడేం బాధ లేదు."

అందులో ఒక్క అబద్ధం కూడా లేదు. పానకాలు తృప్తిగా తలూపి, పై అరలోంచి ఒక చీర తీసి మడతలు విప్పాడు. నెమలికంఠం రంగు, ఎర్రటి సన్నంచు. "పోయినేడు అమ్మగారు ఈ రంగే అడిగారు. నా దగ్గర లేదన్నాను. మగ్గం మీదకి ఎక్కించి ఆవిడ కోసమే నేయించా. ఎంతమంది అడిగినా ఇవ్వలా. మీరెప్పుడొస్తారా అని చూస్తన్నా."

చెప్పేస్తే అయిపోయేది. నాలుగే నాలుగు మాటలు. యలమందయ్య నోరు తెరిచాడు కూడా. కానీ ఆ మాటలు అంటే పానకాలు మొహం ఎలా మారుతుందో ఆయనకు ముందే కనిపించింది. చీర మడత పెట్టేస్తాడు. దాన్ని ఇంకెవరికో చూపిస్తాడు. అది ఆయన చూడలేకపోయాడు.

"కట్టివ్వండి" అన్నాడు.

పానకాలు రంగు కాగితంలో చుట్టి, దారం కట్టి, "నచ్చిందో లేదో ఆవిణ్ణి కనుక్కుని చెప్పాలి సుమండీ" అన్నాడు. యలమందయ్య అలాగేనని బస్సెక్కాడు. పంచెల సంగతి పర్చూరు దాటాక గుర్తొచ్చింది.

రెండు రోజులు ఆలోచించి ఆయన ఒక నిర్ణయానికి వచ్చాడు. తన పేరు రాసి ఆ చీర పొట్లమే ఆఫీసులో పెడతాడు, తన పేరే ఉంటుంది కాబట్టి తనే తీసుకుని ఇంటికి తెచ్చేసుకుంటాడు. లోపల ఏముందో ఎవరికి కావాలి? ఇరవై నాలుగో తేదీ మధ్యాహ్నం దీప్తి నక్షత్రం కింద పొట్లాలన్నీ పేర్చాక వేణుగోపాల్ చప్పట్లు కొట్టాడు.

"ఇప్పుడు అందరి ముందూ ఒక్కొక్కరూ విప్పాలి!"

యలమందయ్య తన పొట్లం మీద చెయ్యి వేశాడు. "ఇంటికెళ్ళి విప్పుకుంటే సరిపోతుంది కదండీ" అన్నాడు.

"అంకుల్‌కి సిగ్గు!" అంది దీప్తి.

అలీ సాహెబ్‌కు టార్చిలైటు వచ్చింది. దీప్తికి గోడ గడియారం, రాఘవమ్మకు కాఫీ ఫ్లాస్కు, కోటేష్‌కు 'సమయపాలన' అనే పుస్తకం, మేనేజరుకు పెన్నుల పెట్టె వచ్చాయి. యలమందయ్య దారం ముడి విప్పలేక తంటాలు పడుతుంటే కోటేష్ సాయం వచ్చి పుటుక్కున తెంపాడు. చీర జారి బల్ల మీద పరుచుకుంది.

కోటేష్‌కు నవ్వు ఆగలేదు. "బాబాయ్, చీరేంది? కట్టుకుని కాటా దగ్గర కూర్చుంటావా ఏంది?"

తనొక్కడే నవ్వుతున్నానని అతనికి అర్థమయ్యేసరికి ఆలస్యమైపోయింది. రాఘవమ్మ లేచి నిలబడింది.

"ఆవిడ పోయి ఏడాది తిరగలేదు. పెళ్ళాం పోయినాయనకి చీర పంపిస్తారా? ఇది ఏం ఎకసెక్కంరా?"

"నేనా? నేనెందుకు పంపిస్తానండీ?"

"మరెవరు? ఈ ఆఫీసులో ఇట్టాంటి బుద్ధులు ఎవరికున్నాయి?"

"బస్టాండులో నన్ను నిలబెట్టినప్పుడే అనుకున్నా, వీడికి మంచీ చెడూ లేదని" అన్నాడు అలీ సాహెబ్.

"సాయిబుగారూ, నాకొచ్చింది మీ పేరు! ఆ టార్చి నేనే ఇచ్చా!"

అలీ సాహెబ్ టార్చి వెలిగించి చూశాడు. వెలగలేదు. "అయితే ఇది నీదే" అన్నాడు. "కానీ రెండూ నువ్వే చేసుండొచ్చుగా?"

"అది కాదండీ..." అన్నాడు యలమందయ్య.

"మీరు కూర్చోండి అన్నయ్యగారూ! మీరు ఊరుకోబట్టే వీళ్ళకింత అలుసు" అంది రాఘవమ్మ.

వేణుగోపాల్ మొహం పాలిపోయింది. పండగ తెచ్చింది తను, కాబట్టి పరువు పోయేది కూడా తనకే. "కోటేష్, రేపట్నుంచి నువ్వు మిల్లుకి రావద్దు. ఓనరుగారితో నేను మాట్లాడతాను" అన్నాడు.

"సార్, ఇదంతా..." అని యలమందయ్య మళ్ళీ లేచాడు.

"మీరు అతన్ని వెనకేసుకురావద్దండీ. మీ మంచితనం మాకు తెలుసు" అన్నాడు వేణుగోపాల్. దీప్తి అప్పటికే ఏడుస్తూ ఆయనకు మంచినీళ్ళ గ్లాసు అందించింది. నీళ్ళు తాగేదాకా ఎవరూ ఆయన్ను మాట్లాడనివ్వలేదు. తాగాక కూడా ఎవరూ వినలేదు.

అప్పుడు కోటేష్ వచ్చి ఆయన కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. అతని భార్య బిందుమాధవికి ఏడో నెల. "బాబాయ్, పిన్ని చేతి అన్నం తిన్నవాణ్ణి. ఆమె మీద ఒట్టు. నేను పెట్టలా. నువ్వన్నా నమ్ము."

యలమందయ్య జేబులోంచి చీటీ తీశాడు. వారం పది రోజులుగా చెమటకు నాని మెత్తబడిపోయింది. మేనేజరు ముందు బల్ల మీద పెట్టి, ముడతలు బొటనవేలితో సాపు చేశాడు.

"నా పేరు నాకే వచ్చిందండీ."

వేణుగోపాల్ ఆ చీటీని చాలాసేపు చూశాడు. దస్తూరి ఆయనదే. "అప్పుడే చెప్పాలి కదండీ!"

"చెప్పకూడదన్నారుగా."

"నాతో అయినా..."

"మీతో కూడా వద్దన్నారు సార్."

అలీ సాహెబ్‌కు నవ్వు రాబోయి ఆగిపోయింది. రాఘవమ్మ మెల్లగా అడిగింది. "మరి చీరెందుకు కొన్నారు అన్నయ్యగారూ?"

యలమందయ్య చీర అంచు పట్టుకుని మడత పెట్టబోయాడు. ఒక్కడివల్ల అయ్యే పని కాదు. రెండో అంచు రాఘవమ్మ పట్టుకుంది.

"పంచెలకే వెళ్ళానమ్మా. కొట్టాయన, అమ్మగారేరీ అన్నాడు. ఆవిడ అడిగిన రంగని నేయించి దాచాడంట. పోయిందని చెప్పలేకపోయా." అంచులు కలిపి మడత పెట్టాడు. "ఆ మాట నా నోటితో నేను ఎవరికీ చెప్పలేదమ్మా. ఆ రోజు ఆసుపత్రి నుంచి మీకందరికీ ఫోన్లు చేసింది కోటేషే. ఊళ్ళో చుట్టాలకి చెప్పింది మా బావమరిది. నాకు చెప్పాల్సిన పని పడలేదు. మొదటిసారి పడింది అక్కడ. చేతకాలా."

బయట లారీ హారన్ రెండుసార్లు మోగింది. కోటేష్ కింద కూర్చున్నవాడు లేవకుండా మోకాళ్ళలో మొహం దాచుకున్నాడు. వేణుగోపాల్, "సారీ కోటేష్" అని ఒకసారి, "సారీ అండీ" అని ఒకసారి అన్నాడు. దీప్తి తెచ్చిన కేకు మీద కత్తి పెట్టడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. యలమందయ్య పొట్లాన్ని చంకలో పెట్టుకుని, "లారీలు ఆగిపోయాయండీ" అని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం చీరను వెంకటరావమ్మ పెట్టెలో, ఆమె చీరల మీద పెట్టి మూత వేశాడు.

క్రిస్మస్ సెలవు గడిచింది. శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి రాఘవమ్మ కాటా గదికి వచ్చి, ఎవరితోనూ అనొద్దని చెప్పి, బల్ల మీద ఒక క్యారియరు పెట్టి వెళ్ళింది. తొమ్మిదిన్నరకు కోటేష్ ఇంకోటి తెచ్చాడు. "బిందు పంపింది బాబాయ్. ఎవరికీ చెప్పమాక." పదింటికి అలీ సాహెబ్ కీమా గిన్నె గుడ్డలో మూటగట్టి తెచ్చాడు. చెప్పొద్దని ఆయనా అన్నాడు. పండగ పలావుతో దీప్తి, హోటలు భోజనం పార్సిలుతో మేనేజరు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. ఎవరికి వాళ్ళు తామొక్కరమే అనుకున్నారు. యలమందయ్య ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఒంటిగంటకు ఐదుగురూ ఆయన తింటున్నాడో లేదో చూసిపోదామని బయల్దేరి కాటా గది గుమ్మంలో ఒకరినొకరు గుద్దుకున్నారు. బల్ల మీద ఐదూ వరసగా ఉన్నాయి. అదే సమయానికి కిటికీలోంచి ఒక లారీ డ్రైవరు తల పెట్టి, "మెస్సు పెట్టారా అండీ? ఇంకో విస్తరి ఉందా?" అని అడిగాడు.

యలమందయ్య ఆ డ్రైవరును లోపలికి పిలిచి కూర్చోబెట్టాడు. ఎవరి మనసూ కష్టపెట్టకూడదని అన్నిటిలోంచీ తలా కాస్త వడ్డించుకున్నాడు. కీమా తిన్నాడు, పలావు తిన్నాడు, బిందుమాధవి చేసిన కోడికూర తిన్నాడు. హోటలు సాంబారు కూడా వదల్లేదు. చివరన రాఘవమ్మ దోసకాయ పప్పు అన్నంలో కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆగిపోయింది. కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా కారి కంచంలో పడ్డాయి. ఎనిమిది నెలల్లో ఆయన ఏడవడం ఎవరూ చూసి ఎరగరు.

"కారం ఎక్కువైందా అన్నయ్యగారూ?" అంది రాఘవమ్మ.

"అవునమ్మా. కాస్త ఎక్కువైంది" అన్నాడాయన, కండువాతో కళ్ళు తుడుచుకుని రెండో ముద్ద కలుపుకుంటూ.

రాఘవమ్మ నీళ్ళ గ్లాసు ఆయన దగ్గరికి జరిపింది. తనకు అల్సరని డాక్టరు చెప్పాక ఆమె ఇంట్లో పప్పులో మిరపకాయ పడి నాలుగేళ్ళయింది.