గడ్డికి కాపలా

పౌలు ఆ ఉదయం పెట్టుకున్న పని చాలా చిన్నది. ఇంటి పక్క ఖాళీ ప్లాటులో నడుమెత్తు పెరిగిన వయ్యారిభామను కూలికొచ్చే ఆగమ్మతో పీకించాలి. అంతే. ఆ మొక్కకు ఆ పేరు పెట్టిన మహానుభావుడి ఇంట్లో ఆయాసం మనుషులు ఉండి ఉండరు. దానికి తెల్లపూత వచ్చినప్పటి నుంచీ పౌలు భార్య పెర్సిస్ మంచం మీద కూర్చునే నిద్రపోతోంది. "ఆ గడ్డన్న ఉండాలె, అమ్మన్న ఉండాలె" అని దవాఖానలో డాక్టరు తేల్చేశాడు.

మూడు వందలకు ఒప్పుకున్న ఆగమ్మ చేతికి గుడ్డ చుట్టుకుంటుండగా వార్డు ఆఫీసరు రత్నాకర్ బండి ఆపాడు.

"ఆగుండ్రి సార్! ఇప్పుడే పీకితే ఎట్ల?"

కొత్త పద్ధతి వచ్చిందట. ఏ ప్లాటులో ఎంత గడ్డి ఉందో కొలిచి, దాని పన్నుకు అంత గడ్డి సెస్సు కలుపుతారు. ఆ డబ్బుతో కూలీలను పెట్టి కాలనీ అంతా శుభ్రం చేయిస్తారు. కాకపోతే కాలనీ మొత్తం మీద అర ఎకరం గడ్డి లెక్క తేలాలి.

"గీ ప్లాటు పోతే అర ఎకరానికి తక్కువ పడ్తది. సాంక్షన్ రాదు. గీ ఒక్కటి పీకి ఏం ఫాయిదా? తక్కిన పదకొండు ప్లాట్ల విత్తనం గాలికి మీ ఇంటికే వస్తది. శుక్రవారం సర్వే. జర ఓపిక పట్టుండ్రి."

పౌలు ముప్పై ఏళ్లు స్కూలు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైనవాడు. కళ్ల ముందున్న దానికంటే కాగితం మీదున్నదే నిజమని ఆయన నమ్మకం. ఆగమ్మను వెనక్కి పంపేశాడు.

"గీ లోపల అమ్మకేమన్నయితే?" అంది ఆగమ్మ.

"రూల్ ప్రకారం పోవాలె ఆగమ్మా."

శుక్రవారం సర్వర్ పనిచేయలేదు. రెండో శుక్రవారం ట్యాబు దొరకలేదు. మూడో శుక్రవారం సర్వేకు రావలసినవాడి మేనత్త పోయింది. పెర్సిస్ ఊపిరి తీసినప్పుడల్లా ఈల వినబడుతోంది. పౌలు ఆమె వీపు నిమురుతూనే కిటికీలోంచి చూసి, గడ్డి తగ్గలేదని స్థిమితపడేవాడు. ఒకసారి మేకలొస్తే కర్ర పట్టుకుని పరుగెత్తాడు. ఆ గడ్డిని మేక కూడా ముట్టదన్న సంగతి ఆయనకు తట్టలేదు.

ఆ తర్వాతి సోమవారం ప్లాటు యజమాని ఎల్లేష్ చేగుంట నుంచి ట్రాక్టరుతో దిగాడు. కొలతలు పడకముందే దున్నేస్తే సెస్సు తప్పుతుందని అతని ఎత్తు. పౌలు చెప్పులైనా వేసుకోకుండా వెళ్లి, చేతులు బారచాచి ట్రాక్టరుకు అడ్డం నిలబడ్డాడు.

"ఒక్క మొక్క ముట్టద్దు!"

"నా ప్లాట్ల నా గడ్డి. నువ్వెవరు పెద్దమనిషీ?"

"ఇరవై దినాల సంది నేనే కావలి కాస్తున్న. సర్వే అయ్యేదాంక ఎవ్వల్నీ లోపలికి రానియ్య!"

మెదక్ శివారులో పరాయి ప్లాటుకు అడ్డం నిలబడి ఇలాంటి మాటంటే దానికి ఒకటే అర్థం. "కబ్జా!" అని ఎల్లేష్ గొంతు చించుకున్నాడు. సరిగ్గా అప్పుడే సర్వేకు తనే వచ్చిన రత్నాకర్‌ను యాప్ 'స్వాధీనంలో ఉన్నవారి ఫొటో' అడిగింది. ఎదురుగా చేతులు చాచి ఉన్న పౌలునే ఫొటో తీశాడు. ఎల్లేష్ అటునుంచి అటే ఠాణాకు పోయాడు.

ఆ గోలలో ఇంట్లోంచి పెర్సిస్ పిలిచిన పిలుపు ఎవరికీ వినబడలేదు. పౌలు వెళ్లేసరికి ఆమె పెదవులు నీలం తిరిగాయి. ఆటోలో దవాఖానకు చేరేదాకా ఆయన చేసిన ప్రార్థనకు మొదలూ చివరా లేవు.

ప్రాణం దక్కింది. వారానికి మున్సిపాలిటీ నుంచి పౌలు పేర, ఆ ఫొటోతో సహా నోటీసు వచ్చింది. ప్లాటు వివాదంలో ఉంది గనుక తీర్పు వచ్చేదాకా ఎవరూ అందులో చెయ్యి పెట్టరాదు. సెస్సు మాత్రం స్వాధీనంలో ఉన్న పౌలు కట్టాలి. కూలీలు వచ్చి పదకొండు ప్లాట్లు అద్దంలా చేసి వెళ్లిపోయారు.

పౌలు ఆగమ్మ ఇంటికి పరుగెత్తాడు. "వెయ్యి ఇస్త, రా!"

"కేసు భూమిల నేను చెయ్యి పెట్ట సారూ. రూల్ ప్రకారం పోవాలె అంటిరి గద."

పెర్సిస్‌ను ఆ ఇంటికి తీసుకెళ్లవద్దని డాక్టరు చెప్పాడు. నర్సాపూర్ నుంచి ఆమె చెల్లెలు లిల్లీ దవాఖానకు కారు తీసుకొచ్చింది. పౌలు నోటీసు పెర్సిస్ చేతికిచ్చి, "తప్పయింది" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పెర్సిస్ మాస్కు కిందికి లాగి, అందులో గడ్డికి అడ్డంగా చేతులు బారచాచిన మొగుడి ఫొటోను చాలాసేపు చూసింది.

"ముప్పయ్యైదేండ్ల కాపురంల నా కోసం గిట్ల ఎన్నడన్న అడ్డం నిలవడ్డరా?"

కారు వెళ్లిపోయింది. ఇంటికొచ్చిన పౌలుకు గుమ్మంలోనే మొదటి తుమ్ము వచ్చింది, ఆ వెంటనే ఇంకో నాలుగు. పాత అలవాటు చొప్పున ఫిర్యాదు ఫారం తీసి కళ్లద్దాలు పెట్టుకున్నాడు.

'ఎవరి మీద' అన్న గడిలో తన పేరే గుండ్రంగా రాసి, కింద సంతకం పెట్టాడు.