మంత్రిగారి నల్ల టై

ఏథెన్సులో ఆ ఉదయం ఆర్థికమంత్రి అనార్గిరోస్ వేసుకున్న పథకం చిన్నదే. కాఫీ తాగాలి, అప్పిచ్చే విదేశీ పెద్దలతో ఒప్పందం మీద సంతకం పెట్టించుకోవాలి, పదవి నిలబెట్టుకోవాలి. కాఫీ కాస్తా కార్లోనే టై మీద ఒలికింది. డ్రైవరు స్తాథిస్ ఆ రోజు మామగారి సంస్మరణ ప్రార్థనకని కట్టుకున్న నల్ల టై విప్పి ఇచ్చాడు.

మంత్రి కారు దిగగానే కెమెరాలన్నీ ఆ టై మీద వాలాయి. గ్రీకువాడు నల్ల టై కట్టాడంటే ఎవరో పోయినట్టే. పోయింది ఒప్పందమేనని ఒక టీవీ తేల్చేసింది. ఆయన మెట్లెక్కేలోగా ప్రభుత్వ బాండ్లు కుప్పకూలాయి, ఏటీఎంల ముందు జనం బారులు తీరారు. ప్రధాని ఫోన్ చేసి, మధ్యాహ్నానికి మార్కెట్ తేరుకోకపోతే రాజీనామా రాసుకోమన్నాడు.

మంత్రి పత్రికా కార్యదర్శి ఉరానియా ఆలస్యం చెయ్యలేదు. మంత్రిగారి మేనత్త పగోనా కన్నుమూసిందని ప్రకటించేసింది.

"అత్తయ్య బతికే ఉందమ్మా," అన్నాడు మంత్రి గొంతు తగ్గించి.

"ఈ సాయంత్రం దాకా ఓర్చుకోండి సార్. ఆవిడ టీవీ చూస్తుందా ఏమిటి?"

బాండ్లు మళ్లీ లేచాయి. దేశదేశాల నుంచి పూలు వచ్చాయి. అప్పిచ్చేవాళ్ల పెద్ద, నవ్వెరగని హెల్సింకీ మనిషి, మంత్రి చెయ్యి పట్టుకుని కళ్లు తుడుచుకున్నాడు.

పగోనా టీవీ చూస్తుంది. ఊరి నుంచి టాక్సీ కట్టించుకుని వచ్చి, వెనక గుమ్మంలోంచి మంత్రి గదిలో దిగింది.

"ఏరా, బతికుండగా ఒక్క ఫోను లేదు. చచ్చాక మాత్రం దేశమంతా చాటింపా?"

"అత్తా, నీ కాళ్లు పట్టుకుంటా. ఈ ఒక్క రోజుకీ చచ్చిపో."

"పోతాలే. ఆ కాయితంలో మా పింఛన్లు కోస్తున్నావటగా? ఆ మాట కొట్టేయించు. లేదంటే ఇప్పుడే వెళ్లి ఆ కెమెరాల ముందు చిందేస్తా."

మంత్రి చర్చల గదిలోకి వెళ్లాడు. పింఛన్ల కోత వద్దని అడగబోతే గొంతు పూడుకుపోయింది. ఇన్నాళ్లూ లెక్కలకీ, నిరసన ఊరేగింపులకీ కరగని హెల్సింకీ మనిషి ఆ గొంతుకి కరిగిపోయాడు.

"మీ అత్తయ్యగారి జ్ఞాపకార్థం," అంటూ ఆ పేరా అడ్డంగా కొట్టేసి సంతకం పెట్టాడు.

మార్కెట్ పండగ చేసుకుంది. మంత్రి పదవి నిలిచింది. పగోనా టాక్సీ ఛార్జీ కూడా మేనల్లుడి దగ్గరే వసూలు చేసుకుని, గెలిచిన దానిలా ఊరికి బయల్దేరింది.

ఏనాడూ ఏ పనీ వేళకి చెయ్యని పింఛను కార్యాలయం, ఆ ఒక్కసారి మాత్రం టీవీ వార్త చూసి, ఆవిడ ఇల్లు చేరేలోగానే పింఛను ఆపేసింది.