కారు ఎత్తుటకు మా వీధి విధివిధానాలు

మానవుడు చక్రాన్ని కనిపెట్టిన మరుక్షణమే దాని కింద దూరి చూడాలన్న బుద్ధి కూడా పుట్టిందనీ, ఆ రోజు నుంచే తల్లులకు కంటి మీద కునుకు లేదనీ ఇందుమూలముగా తెలియజేయడమైనది.

మా కారు సైలెన్సర్ ఊడి నేలను గీస్తోంది. దాన్ని కట్టాలంటే కారు ఎత్తాలి. ఎత్తాలంటే జాకీ కావాలి. మా వీధిలో జాకీలకు కొదవ లేదు. మా జాకీ పక్కింటివాళ్ళ కారు కింద ఉంది. పక్కింటివాళ్ళది వాళ్ళ బావమరిది కారు కింద ఉంది. ఆ బావమరిది జాకీ ఎవరి కారును మోస్తోందో ఇంకా విచారణలో ఉంది. (ఎవరి కారూ కిందికి దిగదు, ఎవరి జాకీ ఇంటికి రాదు. దీన్నే ఇరుగుపొరుగు సహకారం అంటారు.)

అందువల్ల ఆదివారం మా వాకిట్లో కారు ఎత్తుడు సంఘం సమావేశమైంది. ఎదురింటి పెద్దాయన పర్యవేక్షణాధికారి. చేతులు వెనక్కి కట్టుకుని "ఏం కాదు" అనడం ఆయన విధి. మా ఆయనది ఇటుకల శాఖ. మా మరిదిది బరువుల శాఖ. ఆ శాఖకు అధికారీ అతనే, బరువూ అతనే.

పద్ధతి ఇది. పాత దూలం ఒక కొసను కారు వెనక భాగం కిందికి దూర్చాలి. మధ్యలో ఇటుకల దొంతర. రెండో కొస మీద మా మరిది కూర్చోవాలి. అతని బరువుకు ఆ కొస కిందికి దిగితే కారు లేస్తుంది. లేచిన కారు కింద ఇటుకలు పేర్చాలని నియమం ఉంది. కానీ ఉన్న ఇటుకలన్నీ దూలం కిందే అయిపోయాయి.

"మరి కారును ఆపేదేంటి?" అని అడిగాను.

"తమ్ముడు," అన్నారు మా ఆయన.

"మధ్యలో లేస్తే?"

"వాడా? సోఫాలోంచే లేవడు."

"నా మీద నమ్మకం లేదా వదినా?" అంటూ మా మరిది దూలం మీద సర్దుకున్నాడు. ఆ సర్దుబాటుకు కారు వంగి నాకు నమస్కారం పెట్టింది.

"ఏం కాదమ్మా," అన్నారు పర్యవేక్షణాధికారి.

అప్పటికే మా అబ్బాయి తీగచుట్ట పట్టుకుని వెల్లకిలా లోపలికి జరిగిపోయాడు. మోకాళ్ళ నుంచి కిందికి మాత్రమే నాకు మిగిలాడు. నేను నేల మీద చతికిలబడి వాడి రెండు మడమలూ పట్టుకున్నాను.

"అమ్మా, వదులు! చక్కిలిగిలి!"

"బతికుంటే తీరిగ్గా నవ్వుకుందువుగాని. కానియ్యి."

"పనివాడి కాళ్ళు పట్టుకోవడం నిబంధనల్లో లేదే," అన్నారు పెద్దాయన. చూస్తున్నవాళ్ళంతా నవ్వారు. నవ్విన నాపచేనే పండుతుందంటారు. నాకు పంట అక్కర్లేదు, పిల్లాడు ఒక్క ముక్కగా బయటికొస్తే చాలు.

అంతా సవ్యంగా సాగుతుండగా మేడ మీంచి మా తోడికోడలు కేకేసింది.

"ఏమండీ! వడ్డించేశాను, చల్లారిపోతోంది!"

పెళ్ళయిన నాటి నుంచీ ఆ కేకకు మా మరిది ఆలస్యం చేసిన దాఖలా లేదు. "వస్తున్నా," అని లేచాడు.

లాగినట్టు నాకు గుర్తు లేదు. దూలం గాల్లోకి లేచింది, కారు ధభీమని కూర్చుంది, సైలెన్సర్ దాని కింద అప్పడంలా అయింది. మా అబ్బాయి చొక్కా వీపున చిరిగి, తీగ ముక్కతో నా ఒళ్ళో ఉన్నాడు.

సాయంత్రం సంఘం విచారణ జరిపింది. దూలం విరగలేదు కనుక దాని తప్పు లేదు. ఇటుకలు కదల్లేదు. భోజనానికి లేవడం మనిషి హక్కు. ఎవరికీ దెబ్బ తగల్లేదు కనుక పద్ధతి సురక్షితమని తేలింది. లోపం ఒక్కటే: పని సగంలో ఉండగా పనివాణ్ణి బయటికి ఈడ్చేసిన నేను.

కావున వచ్చే ఆదివారం బరువుల శాఖకు ముందే భోజనం పెట్టాలనీ, తల్లిని పుట్టింటికి పంపాలనీ తీర్మానం పెట్టారు. ఏకగ్రీవంగా నెగ్గింది. మా అబ్బాయి కూడా చెయ్యెత్తాడు. ఐదు వేళ్ళూ ఉన్నాయి, చూసుకున్నాను.