కొలిమిపేట మట్టి నివేదిక

కొలిమిపేట నేలలోని సీసాన్ని గర్భిణులు తిని తగ్గిస్తున్నారని తేలాక, మట్టి పరీక్షల శాఖ వాళ్ళను శుద్ధి యంత్రాల జాబితాలో చేర్చింది.

వేవిళ్ళలో మట్టి మీదికి మనసు పోవడం అక్కడ అమ్మమ్మల నాటి అలవాటు. పాత బ్యాటరీలు కరిగించే బట్టీ వచ్చి నలభై ఏళ్ళయినా ఆ అలవాటు పోలేదు. ఏటా నాలుగు పేటల మట్టి కొలిస్తే, ఎక్కువమంది కడుపుతో ఉన్న పేటలోనే సీసం బాగా తగ్గింది. అందుకని పొద్దున ఒక చెంచా, సాయంత్రం ఒక చెంచా అని నిర్ణయించారు. ఐదో నెల నుంచి రెండేసి. తిన్నట్టు కార్డులో సంతకం పెట్టాలి.

ఎర్నమ్మ అప్పటికే ఒకసారి ఆ పని చేసింది. పెద్దపిల్ల నీలవేణి పుట్టిన రోజే కాలికి మట్టి నమూనా చీటీ కట్టారు: ప్రాంతం కొలిమిపేట, లోతు తొమ్మిది నెలలు. నీలవేణికి ఇప్పుడు నాలుగేళ్ళు. కూర్చోబెట్టిన చోటే కూర్చుంటుంది. ఇంకా అమ్మా అనలేదు.

రెండో కాన్పుకి ఐదో నెల రాగానే, ఎర్నమ్మ మట్టి నమూనాలు తీసే సదాశివానికి ఒక మూట చూపించింది.

"ఇది మా కన్నోరి ఊరి మట్టి, బాబూ. ఈపాలి ఇదే తింటాను. కడుపులో ఉన్న ఈ గుంటయినా నాతో మాటాడాల."

సదాశివం వాసన చూశాడు. "మంచి మట్టే, తల్లీ. కానీ రెండు ఊళ్ళ మట్టి ఒక సంచిలో కలపకూడదు."

"నాను సంచినేటి, బాబూ?"

"ఫారంలో అలాగే ఉందమ్మా."

"ఊరుకోవే! నాను తినలేదేటి? నీ మొగుడు బాగానే ఉన్నాడు కదా," అంది అత్త గౌరమ్మ. ఆ మొగుడు గుమ్మంలో కూర్చుని, రెండు జతల చెప్పుల్లో తనవేవో పోల్చుకుంటున్నాడు.

ఎర్నమ్మ దొంగతనంగా పుట్టింటి మట్టే తింది. నెల తిరిగినా ఆమె పెరట్లో సీసం కొలత తగ్గలేదు. శాఖవాళ్ళు కోప్పడలేదు. ఆమె వాటాను పక్కింటి కొత్త కోడలు పార్వతికి రాశారు. ఆ పిల్లకీ ఆరో నెలే. నాలుగో చెంచాకి వాంతి చేసుకుని, మళ్ళీ చెంచా అందుకుంటున్న పార్వతిని ఎర్నమ్మ గోడ మీంచి మూడు రోజులు చూసింది. నాలుగో రోజు గోడ దాటి వెళ్ళి చెంచా లాక్కుంది.

"లెగు. సంతకం నువ్వు పెట్టుకో."

ఆనాటి నుంచి ఇద్దరి వాటా ఆమే తింది.

మాఘంలో కొడుకు పుట్టాడు. ఏడవలేదు. పేటలో సీసం హద్దు లోపలికి వచ్చిందని అదే వారం నివేదిక వచ్చింది. బట్టీ యజమానికి శాలువా కప్పారు.

"ఎంత బుద్ధిమంతుడే! నీ పని నీకు సాగిపోద్ది," అన్నారు చూడవచ్చిన ఆడవాళ్ళు. ఎర్నమ్మ తల ఊపి, బిడ్డను ఇంకో చంకకు మార్చుకుంది.

పార్వతి కూతురు మాత్రం పుట్టినప్పటి నుంచి గుక్కపెట్టి ఏడుస్తోంది. పేటలో అలాంటి ఏడుపు విని చాలా ఏళ్ళయింది. పిల్లకేదో జబ్బుందని, ఆసుపత్రిలో చూపించమని అందరూ అన్నారు. తోడు ఎర్నమ్మే వెళ్ళింది.