సన్యాసయ్య నెమరు నేర్చుకున్న వారం

ఒక పెద్ద అడవిలో, వానలు దిగబోయే వారం, ఏ ఇంట్లో చూసినా కంగారే. గూళ్ళు అల్లేవాళ్ళు అల్లుతున్నారు, గింజలు దాచేవాళ్ళు దాస్తున్నారు, పిల్లల్ని కసిరేవాళ్ళు కసురుతున్నారు.

ముళ్ళపంది సన్యాసయ్య ఇంట్లో అన్నీ ఒకేసారి వచ్చిపడ్డాయి. బొరియ కప్పు ఒక పక్క కూలింది. చంటిదానికి ముళ్ళు మొలుస్తూ ఒళ్ళంతా దురద, ఏడుపు. ఆపైన, భార్య పైడమ్మ తమ్ముడు పెళ్ళాం పిల్లలతో వస్తున్నట్టు కాకి చేత కబురు. వానలోపు బొరియ బాగుపడకపోతే అందరూ బురదలోనే.

సన్యాసయ్య క్రమశిక్షణ గలవాడు. వేళకు లేస్తాడు, వేళకు తింటాడు, వేళకు ఇతరుల తప్పులు చెబుతాడు. అడవి సభలో సభ్యుడు కూడా. ఇంత పని పెట్టుకుని అతను మొదట చేసింది సభకు వెళ్ళి ఉపన్యాసం ఇవ్వడం. అడవికి పట్టిన జబ్బు పని కాదనీ, కంగారనీ, దాన్ని పద్ధతి ప్రకారం వదిలించాలనీ చెప్పాడు.

అడవి మొత్తంలో ప్రశాంతంగా ఉన్నదెవరని సభ వెతికింది. చెట్టు కింద పడుకుని నెమరు వేస్తున్న అడవిదున్న కనిపించింది. ఆ ప్రశాంతతకు మూలం నెమరేనని తేల్చారు. ఇకనుంచి పొద్దునా సాయంత్రం నెమరు శిబిరం, ఇంటికొకరు విధిగా రావాలి. రానివాళ్ళకు వాగులో నీళ్ళు తాగే వంతు ఉండదన్న షరతు సన్యాసయ్యే పెట్టించాడు.

"మాకు నెమరు వేసే పొట్ట లేదు కదా," అని కుందేలు గొణిగింది.

"సాధన చేస్తే వస్తుంది," అన్నాడు సన్యాసయ్య.

శిబిరంలో దున్న దవడలు ఆడిస్తే, ఎదురుగా కూర్చున్నవాళ్ళు ఆడించారు. నక్క నోట్లో గడ్డి పెట్టుకుని కునుకు తీసింది. ఎవరి దవడలు సరిగ్గా ఆడుతున్నాయో చూసి సభకు చెప్పే ఉద్యోగం కోతి సంపాదించింది. సన్యాసయ్య మాత్రం నిష్ఠగా నమిలాడు. మింగిన గడ్డి ఒక్క పరక కూడా పైకి రాలేదు.

ఇంటి దగ్గర పైడమ్మ చంటిదాన్ని పక్కన పడుకోబెట్టుకుని ఒక్కతే మట్టి తోడుతోంది. ఒక్క పూట మానేయమని అడిగింది. తను పెట్టిన షరతు తనే తప్పితే లోకం ఏమైపోతుందని అతను అడిగాడు.

"లోకం సంగతి నాకు తెలీదు. కప్పు మాత్రం పడుతుంది," అంది పైడమ్మ. "ఉన్నవి మూడే పనులండీ. మీరు నాలుగోది తెచ్చారు."

వారం చివర మబ్బు కమ్మింది. దవడలు నొప్పెట్టిన సన్యాసయ్య, వాన నెత్తిమీదికి వస్తుంటే ఇంత నిమ్మళంగా ఎలా ఉండగలుగుతున్నారని దున్నను అడిగాడు.

దున్న నమలడం ఆపి ఆలోచించింది.

"నాకు బొరియ లేదు కదయ్యా," అంది.

సన్యాసయ్య ఇంటికి పరుగెత్తాడు. దారిలోనే వాన అందుకుంది. వెళ్ళేసరికి చుట్టాలు వచ్చి ఉన్నారు. బావమరిదీ పిల్లలూ తలో చెయ్యి వేసి కప్పు నిలబెట్టేశారు. చంటిది ముళ్ళు పైకి వచ్చేసి, దురద పోయి, మేనమామ పక్కన నిద్రపోతోంది. గుమ్మం దాకా అందరూ కిక్కిరిసి కూర్చున్నారు.

"ఇప్పుడెవరు కదిలినా అందరికీ గుచ్చుకుంటాయి," అంది పైడమ్మ లోపల్నుంచి. "వాన తగ్గేదాకా అక్కడే ఉండండి. ప్రశాంతంగా."

సన్యాసయ్య బయట కూర్చున్నాడు. లోపల నవ్వులు వినబడుతున్నాయి. వారమంతా కొండంతగా కనబడిన కష్టాలన్నీ ఆ చిన్న బొరియలో సర్దుకున్నాయి. పట్టనిది తనొక్కడే. ఏం తోచక దవడలు ఆడించాడు.

అటుగా పోతున్న కోతి అది చూసింది. జడివానలోనూ చలించకుండా నెమరు వేసిన ఏకైక జంతువని సభకు చెప్పింది. సభ అతనికి ఆకుల దండ వేసి, శిబిరాన్ని ఏడాది పొడవునా నడపాలని తీర్మానించింది. అందరికన్నా ముందు చెయ్యెత్తింది సన్యాసయ్యే.

నీతి: మనసు నిబ్బరంగా ఉంచుకోవడం ఇంటిపెద్ద ధర్మం, మట్టి తోడడం తక్కినవాళ్ళు చూసుకుంటారు.